బిడ్డ చేతి చద్దిమూట
(తీరప్రాంతోపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభయందు నాలుగు మాటలు చెప్పుమని మీరు మమ్ము కోరితిరి. కలము పట్టువారికి వేదిక యెక్కుట పరిచితమైన పని కాదు. అయినను మీరు నిర్ణయించిన విషయము మమ్ము ఊరకుండనీయలేదు. ప్రకృతి విలయము వచ్చిపడిన గడియలో బడిపిల్లవాని చేతిలో ఏమి యుండవలయును? వాని బుద్ధిలో ఏమి యుండవలయును? వినుటకిది చిన్న ప్రశ్న. కాని సముద్రపు హోరు చెవిని బడుచుండగా ఈ ప్రశ్న వేసికొనువారికి ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదు.

మన తీరము యొక్క చరిత్రను ఒక్కసారి స్మరింతము. 1864 నవంబరు 1వ తేదీన బందరు పట్టణముపై ఉప్పెన విరుచుకొనిపడెను. ముప్పదివేల మంది వరకు అసువులు బాసిరని చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను కడలి కబళించెను. అలలు మూడు నిలువుల యెత్తున లేచి మైళ్ళకొలది పల్లెలలోనికి చొచ్చుకొనివచ్చెను. పదివేల మంది వరకు గతించిరని ఒక లెక్క. అంతకంటె మిక్కిలియని మరియొక లెక్క. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరితోటలు నేలవ్రాలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మహానగరమును చీకటిలో ముంచెను. నదులును మనలను విడిచిపెట్టలేదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించెను. 2024 సెప్టెంబరు తొలి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో లక్షలాది జనులు దినముల తరబడి నీటి నడుమ బందీలైరి. చుట్టును నీరే, త్రాగుటకు మాత్రము చుక్క లేదు.

ఈ తేదీలను మేము భయపెట్టుటకై చదువలేదు. దివిసీమలో ఆనాడు జరిగిన ఒక సంగతిని మీ ముందుంచుటకై చదివితిమి. ఉప్పెన తీసిన పిమ్మట పొలములలో, కాలువగట్లపై, తుమ్మచెట్ల కొమ్మలలో దొరికిన దేహములలో అనేకము గుర్తింప దిక్కులేనివయ్యెను. వాటిని రాశులుగ పేర్చి దహనము చేయవలసివచ్చెను. అందు బిడ్డలెందరో యుండిరి. ఏ తల్లి కన్న బిడ్డయో, ఏ యూరి బడిలో అక్షరములు దిద్దిన బిడ్డయో చెప్పగలవారు మిగులలేదు. మన బిడ్డలకు పేరు పెట్టి పిలిచికొంటిమి. ఆ పేరు వారివెంట నిలుచు ఉపాయము మాత్రము చేయనైతిమి.

"అంతయు దైవలీల, మానవమాత్రులము మనమేమి చేయగలము?" అని మనలో కొందరందురు. గాలిని మనము ఆపజాలమనుట నిజమే. గాలికి మనుష్యులను బలి యీయవలయుననుట నిజము కాదు. పొరుగు రాష్ట్రమైన ఒడిశాను చూడుడు. 1999 అక్టోబరు 29న వచ్చిన మహాతుపానులో అచ్చట పదివేల మందికి దగ్గరగా మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటెను; మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. 2019 మే 3న ఫణి తుపాను పూరీ యొద్ద విరుచుకుపడెను. పదిలక్షలకు పైగా జనులను ముందే తరలించినందున ఆ మారును వేలమంది ప్రాణములు దక్కెను. సముద్రము అదియే, గాలి అదియే. మారినది మనుష్యుడు. హెచ్చరిక ముందే వచ్చెను, ఆశ్రయభవనము సిద్ధముగ నుండెను, జనులు కదలిరి. దైవమును నిందించుటకు ముందు మన కర్తవ్యమును మనము నెరవేర్చితిమా యని ప్రశ్నించుకొనుట ఆస్తికులకును ధర్మమే.

ఇక బిడ్డల మాట. పెద్దలు రక్షింపగా బిడ్డలు రక్షింపబడుదురని మనము తలంచుచున్నాము. ఈ తలంపు సగమే సత్యము. 2011 మార్చి 11న జపాను దేశమున భూకంపమును, దానివెంట సునామీయును సంభవించెను. ఆ దేశపు తీరమందలి కమాయిషి పట్టణమున నాటి మధ్యాహ్నము బడులలో నున్న బాలబాలికలందరును ప్రాణములతో బయటపడిరి. అది యెట్లు జరిగెను? భూమి కంపించిన వెంటనే పెద్దతరగతుల పిల్లలు ఆజ్ఞకై యెదురుచూడక మెరకకు పరుగెత్తిరి. ప్రక్కబడి చిన్నపిల్లలు వారిని చూచి వెంటబడిరి. పెద్దవారు చిన్నవారి చేతులు పట్టుకొనిరి. ముందు నిర్ణయించిన స్థలము చేరిన పిమ్మట అదియు క్షేమకరము కాదని గ్రహించి ఇంకను పైకి, అచ్చటినుండి ఇంకను పైకి పోయిరి. ఏండ్ల తరబడి వారికి నేర్పిన పాఠములు మూడు: పటములో గీచిన గీతను గ్రుడ్డిగ నమ్మకుము, ఆ క్షణమున చేయగలిగినదంతయు చేయుము, ఇతరులకొరకు చూడక నీవే ముందు కదలుము.

అదే దినమున, అదే తీరమున, ఒకావా యను గ్రామపు ప్రాథమిక పాఠశాలలో 74 మంది బాలురును 10 మంది ఉపాధ్యాయులును మడిసిరి. బడి వెనుకనే కొండ యుండెను. భూకంపమునకును అల వచ్చుటకును నడుమ ముప్పావుగంటకు పైగా కాలము చిక్కెను. ఆ కాలమంతయు ఎచ్చటికి పోవలయునో నిశ్చయింపలేక బడి యావరణములోనే గడచిపోయెను. ఆ యుపాధ్యాయులకు బిడ్డలపై ప్రేమ లేకపోలేదు. వారితోడనే వారును మరణించిరి. లోపించినది ముందుగ చేసికొనదగిన నిశ్చయము. పిమ్మట ఆ దేశపు న్యాయస్థానములు, ముందస్తు సిద్ధత చేయకపోవుట అధికారుల లోపమే యని తీర్పు చెప్పినవి. ఉపాధ్యాయ సోదరులారా, ఈ రెండు బడుల కథను మీరు ఒకదాని ప్రక్క నొకటి యుంచి చదువుడు. ఇంతకంటె మేము చెప్పదగినది లేదు.

2004 డిసెంబరు 26న మన తీరమునను సునామీ వచ్చెను. ఆనాడు థాయిలాండు దేశపు పుకెట్ దీవిలో పదియేండ్ల ఆంగ్లబాలిక యొకతె సముద్రపు నీరు నురుగులు గ్రక్కుచు వింతగ కదలుట చూచి, రెండు వారములక్రితమే తాను భూగోళపాఠములో నేర్చిన సంగతి జ్ఞాపకమునకు రాగా, తల్లిదండ్రులను బ్రతిమాలి హెచ్చరించెను. ఆ సముద్రతీరమున నున్నవారు లేచిపోయి ప్రాణములు దక్కించుకొనిరి. ఒక పాఠము, ఒక బాలిక, ఎందరో ప్రాణులు! విద్య యొక్క ఫలమిట్లు కన్నులయెదుట పండుట అరుదు.

ఇపుడు మూట మాటకు వత్తము. పెద్దల మాట చద్దిమూట యని మనవారందురు. పొలమునకు పోవు రైతుగాని, దూరపుటూరికి నడచు బాటసారిగాని చద్దిమూట లేక గడప దాటెడివారు కారు. దారిలో ఏమి యెదురగునో తెలియదు కావున మూట వెంటనుండవలయునను జ్ఞానము మన పూర్వులకు సహజమై యుండెను. నేడు విపత్సంచియను పేర అంగళ్ళలో అమ్మజూపు వస్తుసముదాయము క్రొత్త సరుకేమియు గాదు. అది మన చద్దిమూటయే. దానికై పరదేశపు సంచిని, మెరుగులు దిద్దిన పెట్టెను కొనవలసిన పనిలేదు. తల్లి చేత కుట్టబడిన గుడ్డసంచి చాలును. దానిని మందమైన ప్లాస్టిక్ కవరులో నుంచి మూతి బిగించిన మరియు మేలు.

ఆ మూటలో ఏమేమి యుండవలయును? మొట్టమొదటిది బిడ్డ పేరు. ఒక మందపు కాగితముపై పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, బడి, ముగ్గురు బంధువుల ఫోనునెంబర్లు, రక్తపు జాతి, బిడ్డ వాడు మందులు, పడని పదార్థములు వ్రాసి, నీరు చొరని సంచిలో కుట్టి యుంచవలయును. ఆ మూడు నెంబర్లలో ఒకటి దూరపుటూరి బంధువుది కావలయును. ఏలయన ఊరంతయు నొక్కసారి మునిగినపుడు ఊరిలోని ఫోనులన్నియు మూగవోవును. దివిసీమలో పేరులేక కాలిన బిడ్డలకు మనము చెల్లింపగలిగిన ఋణము ఈ యొక్క కాగితమే.

రెండవది నీరు. మూతగట్టి లీటరు సీసా యొకటి బిడ్డ మూటలో చాలును. ఇంట మాత్రము మనిషికి దినమునకు మూడునాలుగు లీటర్ల చొప్పున మూడు దినములకు సరిపడు మంచినీరు మూతబెట్టి యుంచవలయును. బుడమేటి వరద నేర్పిన పాఠమిది. మూడవది ఆహారము. పొయ్యి వెలిగింపకయే తినదగినది కావలయును: అటుకులు, వేయించిన సెనగలు, వేరుసెనగ బెల్లపుటచ్చులు, మరమరాలు. ఇవి మన పల్లెలో దొరకునవి, బిడ్డలు మెచ్చునవి, ఎక్కువ దినములు చెడనివి. నాలుగవది ఉప్పును చక్కెరయును విడివిడిగ కట్టిన చిన్న పొట్లములు. వరదతరువాత వచ్చు విరేచనములు వరదకంటె మిన్నగ బిడ్డలను బలిగొనగలవు. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అరటీచెంచా ఉప్పు, కొలతకు సరిగా కలిపి కొంచెము కొంచెముగ త్రాగించిన బిడ్డ నిలుచును. ఉప్పు అధికమైన కీడు. కావున కొలతను బిడ్డల చేతనే పలుమారులు కలిపించి నేర్పవలయును.

ఐదవది ఈల. రెండు రూకల వస్తువని దీనిని చులుక చేయకుడు. కేక వేయు గొంతు గంటలో బొంగురుపోవును, ఈల పోదు. చీకటిలో, గాలిహోరులో, కూలిన గోడ క్రింద, బిడ్డయున్న చోటు తెలుపునది ఈలయే. ఆరవది టార్చిదీపము, దాని బ్యాటరీలను లోపల బిగింపక విడిగ నుంచవలయును. దీపమున్నదికదాయని కొవ్వొత్తిని పెట్టకుడు. గుడ్డసంచిలో అగ్గిపెట్టె బిడ్డచేతి కీయదగినది కాదు. పిమ్మట ఒక జత పొడిబట్టలు, తువాలు, చిన్న సబ్బు, శుభ్రమైన నూలుగుడ్డ పీలికలు, క్రిమినాశకపు లేపనము. ఎదిగిన బాలికల మూటలో వారికి కావలసిన గుడ్డలుండవలయును. సిగ్గుచేత తల్లులు చెప్పరు, మరపుచేత మగవారు తలంపరు. ఆశ్రయభవనములో మూడు దినములు వందలమంది నడుమ నుండవలసిన ఆడుబిడ్డకు ఆ లేమి ఎంత బాధయో తల్లు లెరుగుదురు. ఉబ్బసము, మూర్ఛ, మధుమేహము గల బిడ్డల మందులు వారమునకు సరిపడునట్లు చేర్చవలయును. కడపట, బిడ్డకు ప్రియమైన బొమ్మయో పుస్తకమో యొకటి. ఇది విలాసము కాదు. భయపడిన బిడ్డకు పరిచితవస్తువు సగము ధైర్యము.

బరువు మాట మరువరాదు. బడిసంచి బిడ్డబరువులో పదియవ వంతును మించరాదని 2020లో వెలువడిన పాఠశాలసంచి విధానము చెప్పుచున్నది. ఈ మూటకును అదే హద్దు. మోయలేని మూట ప్రాణము కాపాడదు, పరుగును కుంటుపరచును. మరియొక మాట గట్టిగ చెప్పవలయును: మూట దూరముననుండి, అల దగ్గరనుండిన యెడల మూటను విడిచి పరుగెత్తవలయును. మూటకొరకు వెనుకకు మరలరాదు. ఈ యొక్క వాక్యము నేర్పకుండ మూటను మాత్రము ఇచ్చినవారు బిడ్డకు మేలు చేసినవారు కారు.

ఆరు మాసములక్రితము మేమొక తీరగ్రామపు పాఠశాలను చూచితిమి. గోడకు ఎర్రని పెట్టె యుండెను. దానిపై అత్యవసరమను మాట యందముగ వ్రాయబడియుండెను. తెరచి చూపుమంటిమి. పెట్టెకు తాళము, తాళపుచెవి పట్టణములో నివసించు ఒక యుద్యోగి యింట! మరునాడు తాళపుచెవి వచ్చినపిదప చూడగా, లోపలి బ్యాటరీలు కారి తుప్పుపట్టియుండెను, మందుల కాలము తీరియుండెను, కట్టుగుడ్డలు పసుపువన్నె తిరిగియుండెను. పెట్టెను గోడకు కొట్టిననాడు తీసిన ఛాయాచిత్రము మాత్రము కొత్తదివలె మెరయుచుండెను. ఆ బడివారిని నిందించుట మా యుద్దేశము కాదు. మనమందరమును ఏదోయొకరీతిని ఆ పెట్టెవంటివారమే. ఉత్సవము చేయుదుము, తాళము వేయుదుము, మరతుము.

కావున మూటకంటె మిన్నయైనది అలవాటు. తీరమందలి ప్రతిబడియు నవంబరు 19వ తేదీని మూట విప్పు దినముగ పాటింపవలయునని మేము కోరుచున్నాము. ఆ దినమున బిడ్డలందరును మూటలు తెచ్చి విప్పుదురు. పాత అటుకులు కలిసి తిందురు, క్రొత్తవి కట్టుదురు. నీరు మార్తురు. మారిన ఫోనునెంబర్లు దిద్దుదురు. పొట్టియైన చొక్కా తమ్ముని మూటకు పోవును. పిమ్మట గంట మ్రోగును. అందరును ఆశ్రయభవనము వరకు నడతురు. ఎన్ని నిమిషములు పట్టినదో పలకపై వ్రాయుదురు. వచ్చు సంవత్సరము ఆ సంఖ్య తగ్గినదా యని చూతురు. దివిసీమ మృతులకు ఇంతకంటె తగిన తద్దినమేమి గలదు?

మూటతోడ జ్ఞానము నీయుడు. ఓడరేవులో ఎగురవేయు హెచ్చరిక నెంబర్ల భావమును బిడ్డ యెరుగవలయును: ఐదు మొదలు ఏడు వరకు అపాయము, ఎనిమిది మొదలు పది వరకు మహాపాయము, పదునొకటియనగా వాతావరణకార్యాలయముతో సంబంధమే తెగినదని యర్థము. భద్రాచలపు బిడ్డకు 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలని నోటికి రావలయును. గాలి హఠాత్తుగ శాంతించి ఆకాశము తేటపడిన యెడల తుపాను పోయెనని బయటికి రారాదు. అది తుపానుకన్ను కావచ్చును. కొంతసేపటికి ఎదుటిదిక్కునుండి గాలి మరల విరుచుకుపడును. సముద్రము అసాధారణముగ వెనుకకు తీసిన యెడల గవ్వలేరుటకు పోక మెరకకు పరుగెత్తవలయును. ఉరుము వినబడినపుడు చెట్టుక్రిందికి పోరాదు. గట్టి కట్టడములోనికి పోవలయును. భూమి కంపించిన బల్లక్రింద దూరి తల కాచుకొని పట్టు విడువరాదు. వరద తీసినపిదప తెగిపడిన కరెంటుతీగను, మూలల చేరిన పామును జ్ఞప్తియం దుంచుకొనవలయును. 112, 108, 1077 నెంబర్లు ఎక్కములవలె నోటికి వచ్చునట్లు వల్లింపింపుడు.

మీ కర్తవ్యము ఇంకొకటి గలదు. హెచ్చరిక వచ్చిన దినమున ఏ బిడ్డను ఎవరి చేతి కప్పగింపవలయునో ముందే వ్రాసి యుంచుడు. హాజరుపట్టికను చేతబట్టి కదలుడు; చేరినచోట పేరు పేరున పిలిచి లెక్కింపుడు. నడువలేని బిడ్డకు, చూపులేని బిడ్డకు, చెవిటి బిడ్డకు జతగా ఇద్దరేసి పెద్దపిల్లలను నేడే నియమింపుడు. 1977 తరువాత తీరమున కట్టిన ఆశ్రయభవనములలో అనేకము బడులుగ వాడబడుచున్నవి. మీ బడియే అట్టిదైనచో దాని తాళపుచెవులు మూడిండ్ల నుండవలయును; మూడును ఊరిలోనివే కావలయును.

"పేదవారికి మూట యెక్కడిది?" అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు మేము తల వంచుదుము. నిత్యము పిడికెడు అటుకులకే కరవైన యింట మూడు దినముల తిండిని దాచుమనుట నిర్దయ. ఉప్పెన ముందుగ కబళించునది ఆ పాకనే, మిద్దెయింటిని కాదు. కావున ఆ యింటి బిడ్డ మూటను ఊరు కట్టవలయును. పండుగలకు, పెండ్లిండ్లకు, ఊరేగింపులకు వెచ్చించు సొమ్ములో కొంత ఇందుకై తీసిన చాలును. అది దానము కాదు, వాటా. సర్కారు విధి సర్కారుకు గలదు. 2005 విపత్తు నిర్వహణ శాసనము దానిని నిర్ణయించియున్నది. దానిని నిలదీసి యడుగుట పౌరుల హక్కు. కాని సహాయపు పడవ వచ్చుటకు పట్టు ఆ మొదటి మూడు దినములు మనవి. ఆ దినములలో ప్రక్కయింటివాడే ప్రభుత్వము.

"బిడ్డలు భయపడుదురు" అని తల్లులందురు. అమ్మలారా, తెలియని దానివలన భయము కలుగును. తెలిసిన దానివలన జాగ్రత్త కలుగును. ఈత నేర్చిన బిడ్డ చెరువును చూచి వణకదు. మూట కట్టుట నేర్చిన బిడ్డ గాలిహోరు విని తల్లికే ధైర్యము చెప్పును.

జాతి స్వాతంత్ర్యమును గూర్చి మేము ఈ పుటలలో పెక్కుమారులు వ్రాసియున్నాము. పరుల చేతిముద్దకై చేయి చాచి నిలువనవసరము లేకుండుటయే స్వాతంత్ర్యమునకు మొదటిమెట్టు. దేశభక్తి యనగా జెండాపండుగనాటి పాట మాత్రమే కాదు. పొరుగు పాకలోని బిడ్డ పేరు కాగితముపై వ్రాసి మూటలో కుట్టుటయు దేశభక్తియే. తన మూట తాను మోసికొని, చిన్నవాని చేయి పట్టుకొని మెరక యెక్కు పదియేండ్ల బాలుని యందు మాకు రేపటి పౌరుడు కనబడుచున్నాడు.

తీరమున ఈశాన్యపు గాలి మరల వీచును. సముద్రము తన యలవాటును మానదు. మన యలవాటును మనము మార్చుకొందము. నేటిరాత్రి ఇంటికి పోయి ప్రతి తల్లియు ఒక కాగితముపై తన బిడ్డ పేరు వ్రాయుగాక. తక్కిన వస్తువులు రేపు చేర్చవచ్చును. పేరు మాత్రము నేడే వ్రాయవలయును.